ఏ జబ్బూ లేదన్న మనిషితోనే మొదలుపెట్టండి

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లెటూరు. ఇంట్లో ఏడుగురం. మా అత్తయ్యగారికి 64 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, బీపీ. రోజూ పొద్దున్నే నొప్పుల బిళ్ళ వేసుకుంటే గాని లేవలేరు. బీపీ బిళ్ళ మాత్రం తలపోటు వచ్చిన రోజే వేసుకుంటారు. చుట్ట మానమంటే మానరు. అమ్మాయికి 14, ఎప్పుడూ నీరసమే, ఒకసారి బడిలో కళ్ళు తిరిగి పడిపోయింది. బాబుకి 8, నెల తిరిగేసరికి జలుబు, జ్వరం. మా ఆడపడుచు పురిటికి వచ్చింది, పాపకి ఆరు వారాలు. అత్తయ్యగారు పథ్యం పెడుతున్నారు, నీళ్ళు కూడా కొలిచి ఇస్తున్నారు. ఆడపడుచు ఊరికే ఏడుస్తోంది, దిష్టి కూడా తీయించాం. మా ఆయనకి 41, జీడి తోట, కొబ్బరి తోట పనులు. ఆయనకేమీ లేదు. మా మామగారు కిడ్నీ జబ్బుతోనే పోయారు, మా వీధిలో ఇద్దరు డయాలసిస్‌కి తిరుగుతున్నారు. అందుకే టెన్షన్. మందుల షాపు అబ్బాయి ఇంటిల్లిపాదికీ ప్రొటీన్ పౌడరు, టానిక్ వాడమన్నాడు. ఒక ల్యాబ్ వాళ్ళు ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ అంటున్నారు. చేయించాలా? టిన్ను నీళ్ళు కొనాలా? ఎవరితో మొదలుపెట్టాలి? – ఒక కోడలు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: అమ్మా, ఇంట్లో అందరి గురించీ వివరంగా రాశారు. మీ ఆయన దగ్గరకొచ్చేసరికి ‘ఆయనకేమీ లేదు’ అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. నాకు భయం వేసింది ఆ ముక్క చూసే. కిడ్నీ జబ్బులు ఎక్కువగా కనిపించే ఉద్దానంలో ఉంటున్నారు, వయసు నలభై దాటింది, ఎండలో పని, తండ్రి కిడ్నీ జబ్బుతో పోయారు. ఇన్ని కలిసిన మనిషికి ఏమీ లేదని పరీక్ష చేయించకుండా చెప్పలేం. కాబట్టి ఆయనతోనే మొదలుపెట్టండి.

మామూలుగా కిడ్నీలు దెబ్బతినేది ఏళ్ళ తరబడి అదుపులో లేని షుగరు వల్ల, బీపీ వల్ల. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో కనిపించే జబ్బు తీరు వేరు. షుగరూ బీపీ లేని కష్టజీవులకు కూడా వస్తుంది. మొదట్లో కాళ్ళు వాయవు, బీపీ పెరగకపోవచ్చు, మూత్రంలో ప్రొటీన్ కూడా పెద్దగా పోదు. అందుకే ఒక్క మూత్ర పరీక్ష చేయించి ‘బాగుంది’ అనుకుని ఇంటికి వచ్చేస్తే మోసపోతాం. ఆకలి చచ్చిపోవడం, వికారం, ఆయాసం లాంటివి బయటపడేసరికి కిడ్నీల పని చాలా వరకు పోయి ఉంటుంది. ఎన్నో పరిశోధనలు జరిగినా కారణం ఫలానా అని ఇంతవరకు తేలలేదు.

రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన ఒక వ్యర్థం) పరీక్ష చేయించండి. చిన్న పరీక్షే, ప్రభుత్వ ఆసుపత్రిలో చేస్తారు. ఆ అంకె ఒక్కటే చూసుకుని ఊరుకోకండి. దాని నుంచి వయసు, ఆడా మగా అన్నది కలిపి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ అనే అంకె ఉంటుంది, కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పేది అదే, అది రాసివ్వమని అడగండి. ఎందుకంటే క్రియాటినిన్ 1.2 అని వస్తే ముప్పయ్యేళ్ళ కుర్రాడికి ఈజీఎఫ్ఆర్ 80కి పైనే ఉంటుంది. అదే 1.2 మీ అత్తయ్యగారికి వస్తే సుమారు 50 అన్నమాట. 60 కంటే తక్కువ మూడు నెలల పాటు ఉంటే దాన్ని కిడ్నీ జబ్బు కిందే లెక్క వేస్తారు. ల్యాబ్ కాగితం మీద ‘నార్మల్’ అని ఉన్నంత మాత్రాన ముసలివాళ్ళ విషయంలో నమ్మడానికి లేదు.

మీ ఆయన పరీక్షకి తోట నుంచి నేరుగా, చెమటలు కక్కుతూ వెళ్ళకూడదు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు, ముందు రోజు మాంసం బాగా తిన్నప్పుడు ఆ అంకె పెరిగి కనిపిస్తుంది. ఒక రోజు విశ్రాంతి తీసుకుని, పొద్దున్నే వెళ్ళాలి. ఎక్కువ వస్తే కంగారు పడకుండా డాక్టరుకి చూపించి, చెప్పిన గడువులో మళ్ళీ చేయించాలి. బాగుంటే ఏడాదికోసారి చాలు. దానితోపాటు బీపీ, షుగరు, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ కూడా చూపించండి. ఏదైనా తేడా ఉంటే పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మీకు దగ్గరే. దాని కోసం విశాఖ దాకా పరుగెత్తనక్కర్లేదు.

ఇంతలో ఆయన మార్చుకోవలసింది పని వేళ. జీడి పిక్కలు ఏరే కాలం సరిగ్గా మండుటెండల కాలం. పొద్దున్న చల్లపూట ఎక్కువ పని చేసుకుని, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడున్నర దాకా నీడపట్టున ఉండాలి. ఎండలో పని తప్పనప్పుడు ఇరవై నిమిషాలకోసారి గ్లాసు నీళ్ళు తాగాలి. దాహం వేసినప్పుడు ఒకేసారి చెంబుడు తాగడం దానికి సాటి రాదు. సాయంత్రం మూత్రం ముదురు రంగులో వస్తే ఆ రోజు నీళ్ళు చాలలేదని అర్థం. కల్లు, సారా, బీరు నీళ్ళ లెక్కలోకి రావు, పైగా ఉన్న నీటిని బయటికి తోస్తాయి. కొబ్బరి నీళ్ళు కిడ్నీ బాగున్నవాళ్ళకి ఇబ్బంది లేదు. కానీ మీ వీధిలో డయాలసిస్‌కి వెళ్ళేవారికి ప్రేమగా బొండాం కొట్టివ్వకండి. అందులో పొటాషియం ఎక్కువ, అది ఒంట్లో పేరుకుంటే గుండె కొట్టుకునే తీరు దెబ్బతింటుంది. చెట్టు నిండా కాయలున్న ఊళ్ళో ఈ మాట చెప్పడం కష్టమే, అయినా చెప్పాలి.

ఇక మీ ఇంట్లో మందులు పెట్టుకునే డబ్బా ఒకటి ఉంటుంది కదా, దాన్ని కింద బోర్లించండి. మీ అత్తయ్యగారి నొప్పుల బిళ్ళే మీ ఆయన కూడా ఒళ్ళు నొప్పులున్న రాత్రి వేసుకుంటూ ఉంటారని నా అనుమానం. అడిగి చూడండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్ – అట్ట మీద ఈ పేర్లలో ఏది కనిపించినా పక్కన పెట్టండి. కిడ్నీలోకి రక్తం సరిగా వెళ్ళడానికి సాయం చేసే పదార్థాలను ఈ బిళ్ళలు అడ్డుకుంటాయి. ఎప్పుడో ఒకసారి, నీళ్ళు బాగా తాగిన మనిషికి ఫరవాలేదు. ఎండలో ఎండిపోయి వచ్చిన మనిషికీ, రోజూ వేసుకునే పెద్దావిడకీ మాత్రం కిడ్నీ మీద దెబ్బే. పైగా ఇవి బీపీని పెంచుతాయి, బీపీ మందు పనిని తగ్గిస్తాయి. టెల్మిసార్టాన్ లాంటి బీపీ బిళ్ళ, మూత్రం ఎక్కువ వచ్చే బిళ్ళ, నొప్పుల బిళ్ళ – మూడూ కలిస్తే కొద్ది రోజుల్లోనే క్రియాటినిన్ ఎగబాకవచ్చు. మీ అత్తయ్యగారి చీటీ మీద మొదటి రెండూ ఉన్నాయేమో చూడండి.

నొప్పికి పారాసిటమాల్ వాడుకోవచ్చు. 650 బిళ్ళ అయితే రెండింటి మధ్య ఆరు గంటలు, రోజుకి నాలుగుకి మించకూడదు. లివరు జబ్బు ఉన్నా, రోజూ మందు తాగే అలవాటున్నా ఆ మోతాదు కూడా ఎక్కువే, డాక్టరుని అడగాలి. పైన రాసుకునే జెల్ కూడా వాడొచ్చు, బిళ్ళంతగా రక్తంలోకి వెళ్ళదు కాబట్టి ముప్పు తక్కువ. కానీ అసలు మందు తొడ కండరానికి పని చెప్పడం. కుర్చీలో కూర్చుని ఒక కాలు తిన్నగా చాపి, మనసులో పది దాకా లెక్కపెట్టి దించాలి. కాలికి పది చొప్పున, పూటకోసారి. రెండు మూడు వారాలు చేశాక తేడా తెలుస్తుంది. నేల మీద బాసింపట్టు వేయడం తగ్గించి, దొడ్లో కమోడ్ కుర్చీ పెట్టించండి. ఆవిడ పొట్లాల్లో కట్టిచ్చే పసరు మందు గాని, ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గర సూదులు గాని వేయించుకుంటూ ఉంటే ఆ సంగతి ఆసుపత్రిలో దాచకుండా చెప్పండి. కొన్నిట్లో స్టెరాయిడ్ కలుస్తుంది. చాలా కాలం వాడి ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదకి వస్తుంది, డాక్టరు చూస్తూ తగ్గించాలి.

బీపీ బిళ్ళకి తలపోటుతో సంబంధం లేదు. చాలామందికి 170 ఉన్నా తల నొప్పి రాదు. ఆ బిళ్ళ రోజూ ఒకే వేళకి పడాలి. బీపీ చూపించుకునే ముందు అయిదు నిమిషాలు కూర్చోవాలి, అంతకు ముందు అరగంటలో టీ, చుట్ట ఉండకూడదు. ఉప్పు చేప, ఆవకాయ, అప్పడం – మూడూ ఒకే పూట కంచంలో పడకుండా చూస్తే సగం యుద్ధం గెలిచినట్టే. రోజు మొత్తానికి మనిషికి టీ చెంచాడు ఉప్పు చాలు, అందులోనే పచ్చళ్ళదీ లెక్క.

ఇవన్నీ కోడలు చెబితే ఆవిడ వినరు. తప్పు పట్టడం లేదు, మన ఇళ్ళ తీరే అంత. ఇప్పుడు కూతురు ఇంట్లోనే ఉంది కదా, ఆ అమ్మాయి చేత చెప్పించండి. కుదరకపోతే ఏఎన్ఎమ్ ఇంటికొచ్చినప్పుడు ఆవిడ ముందు మాట ఎత్తండి.

చుట్ట సంగతి. మీ వైపు పెద్దవాళ్ళు కొందరు నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. మీ అత్తయ్యగారిదీ ఆ అలవాటే అయితే వెంటనే అంగిలి చూపించాలి. ఆ వేడికి, పొగకి నోటి పైభాగంలో తెల్ల మచ్చలు, ఎర్ర మచ్చలు, చిన్న చిన్న బొబ్బల్లాంటివి వస్తాయి. నొప్పి ఉండదు కాబట్టి పట్టించుకోరు, వాటిలో కొన్ని క్యాన్సర్‌కి దారితీస్తాయి. వెలుతురులో నోరు తెరిపించి టార్చితో మీరే చూడొచ్చు. రెండు వారాలకి మానని పుండు, మచ్చ ఏది కనిపించినా దంతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి. మానేలోపు కనీసం పాప ఉన్న గదిలో తాగనివ్వకండి.

బాలింత దగ్గరికి వద్దాం. ఇక్కడ నేను కొంచెం కటువుగానే చెబుతాను. బాలింతకి నీళ్ళు కొలిచి ఇవ్వడం మానేయండి. పాలిచ్చే తల్లికి మామూలు మనిషి కంటే ఎక్కువ నీళ్ళు కావాలి. నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుందనీ, పాపకి జలుబు చేస్తుందనీ అనడంలో నిజం లేదు. పాలిచ్చేటప్పుడల్లా పక్కన చెంబు పెట్టండి. పథ్యం పేరుతో పప్పు, ఆకుకూరలు, గుడ్డు, పండ్లు ఆపేసి కారప్పొడి, నెయ్యి, అన్నంతో నెట్టుకొస్తే కాన్పులో పోయిన రక్తం ఎప్పటికి పూడుతుంది? ఐరన్ బిళ్ళ, కాల్షియం బిళ్ళ కాన్పు తర్వాత కూడా 180 రోజులు వేసుకోవాలి. రెండూ కలిపి మింగితే ఐరన్ ఒంటికి పట్టదు, కనీసం రెండు గంటల తేడా ఉండాలి. మీ అత్తయ్యగారు మనసు నొచ్చుకోకుండా ఉండాలంటే వెల్లుల్లి, మెంతులు, వాము ఆవిడ ఇష్టప్రకారమే పెట్టనివ్వండి, వంటలో వేసుకునే పాళ్ళలో వాటి వల్ల నష్టం లేదు.

మీ ఆడపడుచు ఏడుపు దిష్టి కాదు. కాన్పయిన మొదటి పది పదిహేను రోజులు మనసు బరువెక్కి కన్నీళ్ళు రావడం చాలామందికి ఉంటుంది, దానంతటదే పోతుంది. ఆరు వారాలైనా తగ్గలేదంటే అది పురిటి దిగులు, జబ్బు కింద చూడాల్సినదే. పాప పడుకున్నా తనకి నిద్ర పట్టకపోవడం, పాప మీద మనసు పోకపోవడం, బతుకు మీద విసుగు మాటలు – వీటిని తేలిగ్గా తీసుకోకండి. మనసు బాధలకి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. పాలిచ్చే తల్లులు వాడదగిన మందులు కూడా ఉన్నాయి. తనకో పాపకో ఏదైనా చేసుకుంటానన్న మాట వస్తే ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. రాత్రిపూట పాపని రెండు మూడు గంటలు మీరో, మీ అమ్మాయో ఎత్తుకుని తనని పడుకోనివ్వడం కూడా వైద్యమే.

పాపకి ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఏదీ వద్దు. మంచినీళ్ళు, గ్రైప్ వాటర్, తేనె, నాలిక మీద వస, ఆముదం ఏవీ పెట్టకండి. మీరు రాయలేదు గాని స్నానం చేయించాక ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేసే అలవాటు ఉంటే అదీ ఆపండి. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. సాంబ్రాణి పొగ గది నిండా పట్టించడమూ అంతే. ఒంటికి నూనె మర్దన చేయించడం మాత్రం మంచిదే. రోజుకి ఆరుసార్లయినా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. ఆరో వారం టీకాలు ఇప్పుడే పడాలి – పెంటావలెంట్, పోలియో చుక్కలు, రోటావైరస్, న్యుమోనియా టీకా. పుట్టింట్లో ఉన్నామని ఆపకండి, కార్డు చూపిస్తే మీ ఊళ్ళోనే వేస్తారు. పాలు తాగడం మానేసినా, ఒళ్ళు కాలినా, చల్లబడినా, నిమిషానికి 60 సార్ల కంటే ఎక్కువ ఊపిరి తీస్తున్నా 108కి ఫోన్ చేయండి, తెల్లవారే దాకా ఆగకండి.

అమ్మాయికి హిమోగ్లోబిన్ చూపించండి. 12 కంటే తక్కువైతే రక్తహీనత. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం బిళ్ళ వేసుకుంటోందా, పారేస్తోందా? వికారంగా ఉందని చాలామంది పిల్లలు కిటికీలోంచి విసిరేస్తారు. మధ్యాహ్నం అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది, విరేచనం నల్లగా వస్తే భయపడక్కర్లేదు. ఆ వారపు బిళ్ళ రక్తం తగ్గకుండా కాపాడటానికే, ఇప్పటికే తగ్గి ఉంటే డాక్టరు రాసిన ప్రకారం కొన్ని నెలలు వాడాలి. టీ, బిస్కెట్‌తో బడికి పంపడం ఆపండి. టీ ఐరన్‌ని పట్టనివ్వదు, తిండికి అటూ ఇటూ గంట ఎడం ఉండాలి. చోడంబలి (రాగి అంబలి) చాలా మంచిది, 100 గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంది. కానీ రక్తం పట్టడానికి అదొక్కటే చాలదు, బెల్లం ముక్క అంతకన్నా చాలదు. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండండి, గుడ్డు, చేప పెట్టండి. నెలసరి ఏడు రోజులు దాటి అవుతోందేమో, గంటా రెండు గంటలకే గుడ్డ మార్చాల్సి వస్తోందేమో మెల్లగా అడగండి. ఆ మాట తనంతట తను చెప్పదు. అలా ఉంటే ఎంత తిండి పెట్టినా నిలవదు, చూపించాలి.

బాబు గురించి నాకు పెద్ద బెంగ లేదు. ఆ వయసులో ఏడాదికి ఏడెనిమిది జలుబులు మామూలే. షాపులో యాంటీబయాటిక్ సీసా కొనకండి, జలుబుకి అది పనిచేయదు. నిమెసులైడ్ అసలే వద్దు, 12 ఏళ్ళ లోపు పిల్లలకు ఇవ్వకూడదని 2011లోనే నిషేధించారు. నులిపురుగుల బిళ్ళ ఫిబ్రవరిలో, ఆగస్టులో బడిలో ఇస్తారు, ఆ రోజు మానిపించకండి.

మీ సంగతి ఉత్తరంలో లేదు. 30 దాటిన ఆడవాళ్ళకి బీపీ, షుగరుతోపాటు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు ప్రభుత్వం ఉచితంగానే చేయిస్తుంది. మీ వయసు అది దాటే ఉంటుంది, ఏఎన్ఎమ్‌ని అడిగి పేరు రాయించుకోండి. క్రియాటినిన్ మీరూ చేయించుకోండి, అదే ఊరు, అదే ఎండ.

డబ్బుల దగ్గరికి వస్తే, ప్రొటీన్ పౌడరు కొనకండి. క్రియాటినిన్ తెలియకుండా మీ ఆయనకీ అత్తయ్యగారికీ అది అసలు పట్టకూడదు. కిడ్నీ సరిగా లేనివాళ్ళకి ఎక్కువ ప్రొటీన్ భారం. టానిక్ కూడా వద్దు, ఆ డబ్బుకి ఇంటిల్లిపాదికీ గుడ్లు వస్తాయి. ఫుల్ బాడీ ప్యాకేజీలో అరవై డెబ్బై పరీక్షలుంటాయి. అన్ని చేస్తే ఏదో ఒకటి గీత దాటి కనిపిస్తుంది, దాని వెంట పడి ఇంకో పది చేయిస్తారు. పైన చెప్పిన నాలుగైదు మీకు సరిపోతాయి.

టిన్ను నీళ్ళు కొంటే కిడ్నీ జబ్బు రాదన్న రుజువు ఎక్కడా లేదు. వంశధార నీళ్ళు హిరమండలం నుంచి పైపుల్లో వచ్చే పథకం మీ వైపు ఉంది, మీ వీధికి ఆ కుళాయి ఉంటే అవి తాగండి. బోరు నీళ్ళే దిక్కయితే గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో పరీక్ష చేయించమని పంచాయతీలో అర్జీ ఇవ్వండి. కాచితే క్రిములు చస్తాయి, నీళ్ళలో కరిగిన లవణాలు పోవు. టిన్నే కొంటామంటే ఆ ప్లాంటుకి లైసెన్సు ఉందో లేదో, టిన్ను లోపల పచ్చగా పాకుడు పట్టిందో లేదో చూసుకుని కొనండి.

రిపోర్టులు వచ్చాక మీ ఆయనదీ అత్తయ్యగారిదీ క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ అంకెలు, వేసుకునే ప్రతి బిళ్ళ అట్ట మీది పేరు రాసి మళ్ళీ ఉత్తరం పంపండి.